గుమాస్తా కబుర్లు: గడప దగ్గర పేరు



పోయిన నెల ఈ శీర్షికలో రేషను కార్డుల్లో పేర్ల తప్పులను గురించి రాశాను. అది చదివి ఇద్దరు ముగ్గురు పెద్దలు నన్ను నిలబెట్టి, "బాగానే రాశావయ్యా, కాని మన ఇంటిపేర్లు ఒంటి అక్షరాలైపోయిన సంగతి మరిచావే" అని మందలించారు. నిజమే. తాతల నాటి ఇంటిపేరు ఈ సీమలో ఎప్పుడో జారిపోయింది. తండ్రి పేరులో మొదటి అక్షరం ముందు తగిలించుకొని బతుకుతున్నాము. పేరు తప్పితే ఎంత చిక్కో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. అందుచేత ఈ నెల కూడా పేరు సంగతే. అయితే ఈసారి మనిషి పేరు కాదు, యంత్రం పేరు.

నవ్వకండి. ఒక యంత్రం తన పేరు గడప దగ్గర చెప్పకపోవడం వల్ల డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలమ్మ గుడియాత్తం నుంచి వేలూరికి రెండుమార్లు అదనంగా తిరిగింది. ఆ తిరుగుడులో నా పాలు కూడా ఉన్నది. అది చెప్పుకొని కొంత బరువు దించుకుందామనే ఈ నాలుగు మాటలు.

నేను రోజూ పొద్దున గుడియాత్తంలో బస్సెక్కి వేలూరికి వచ్చి, చీకటి పడ్డాక ఇల్లు చేరే గుమాస్తాను. మా కచేరీ ఏదో ఇక్కడ అనవసరం. ఏ కచేరీ అయినా అట్లాగే ఉంటుంది. మా విభాగంలో ఆరు కంప్యూటర్లు. ఆరూ ఒకేనాడు ఒకే బండిలో దిగినవి. ఒకే నలుపు, ఒకే ఎత్తు, ఒకే గురక. ఆరుగురు కవలపిల్లలను ఒకే చొక్కా తొడిగి కూర్చోబెట్టినట్టు ఉంటాయి. స్టాకు రిజిస్టరులో వాటికి పేర్లున్నాయి. మొదటి భాగం అన్నిటికీ ఒకటే, కడపట 01 మొదలు 06 దాకా అంకెలు. ఆ అంకెలను మా ప్యూను తెల్ల చీటీల మీద రాసి మానిటర్ల అంచున అంటించాడు. పెట్టె బల్ల కింద ఉంటుంది, వంగి చూడాలి. మానిటరు అయితే ఎదుటే ఉంటుంది. అందరమూ మెచ్చుకున్నాము. ఆ మెచ్చుకోలులోనే తప్పు దాగి ఉన్నదని అప్పుడు తెలియలేదు.

ఆయుధపూజ వచ్చింది. మన ప్రాంతపు కచేరీలలో ఆయుధపూజ అంటే మీకు తెలుసు గదా. బల్లలు కడగడం, బీరువాలు తుడవడం, యంత్రాలకు చందనం, కుంకుమ బొట్లు, తరవాత బొరుగులు, పప్పులు, అరటిపళ్ళు. ఆ రోజు తీగలన్నీ పీకి మానిటర్లు ఒక పక్క, పెట్టెలు ఒక పక్క పెట్టి శుభ్రంగా తుడిచారు. మళ్ళీ ఎవరి చోట వాళ్ళు పెట్టెలు పెట్టుకొని, చేతికందిన మానిటరు తగిలించారు. ఏ మానిటరయినా ఏ పెట్టెకయినా అతుకుతుంది. మీట నొక్కితే అన్నీ వెలిగాయి. హారతి ఇచ్చాము.

నా బల్ల మీది పెట్టె 05. దాని నెత్తిన 03 చీటీ ఉన్న మానిటరు కూర్చున్నది. నేను చూడలేదని చెప్పను. చూశాను. నా పాస్‌వర్డు కొడితే నా ఫైళ్ళు వస్తున్నాయి, చీటీ ఏదయితే నాకేమి అని ఊరుకున్నాను.

గుడియాత్తం వారికి ఇక్కడ ఒక కథ గుర్తుకు రావలె. వైగాశి మొదటి తేదీన, అంటే మే నెల నడుమ, గోపాలపురం గంగమ్మకు శిరసు తిరునాళ్ళు జరుగుతుంది. అమ్మవారి శిరసును ఊరేగించి తెచ్చి మొండెం మీద నిలుపుతారు. పరశురాముడు తల్లిని బతికించుకొనే తొందరలో ఒకరి తలను ఇంకొకరి మొండేనికి చేర్చాడని పెద్దలు చెబుతారు. అమ్మవారితో పరాచికం కాదు. ఆ కథ చిన్నప్పటి నుంచి విన్న నేను, నా బల్ల మీదనే తలలు మారి కూర్చున్నా పట్టించుకోలేదని చెప్పుకోవడానికే రాశాను.

దీపావళి దాటిన తరవాత అసలు 03 మొరాయించింది. అది మా పక్క బల్ల వారిది. ఫిర్యాదు పంపాము. ఒక శనివారం సాయంత్రం, కచేరీ అంతా ఖాళీ అయిన వేళ, బాగుచేసే కుర్రవాడు వచ్చాడు. నేను అప్పటికే బస్సులో ఉన్నాను. ఫోను మోగింది.

"సార్, ఎంద సిస్టమ్? పేరు ఎన్న?"

పేరు అనే మాట అరవంలోనూ పేరే. "03 తంబీ" అన్నాను.

"స్క్రీన్‌లో పేరే కాట్టలియే సార్."

తెర మీద పేరు చూపించడం లేదంటున్నాడు. నేను కిటికీ పక్కన చోటు దొరికిన సంతోషంలో, "మానిటరు మీద చీటీ ఉంటుంది చూడు తంబీ" అన్నాను.

"సరి సార్" అన్నాడు.

సోమవారం వచ్చేసరికి నా యంత్రం కొత్త పెళ్ళికూతురు వలె మెరిసిపోతున్నది. లోపల ఒక్క ఫైలు లేదు. అతడు చీటీ చూసి, 03 అనుకొని, నా 05ను అడుగంటా తుడిచి కొత్తగా విండోస్ ఎక్కించి వెళ్ళాడు. మొరాయించే 03 మొరాయిస్తూనే ఉన్నది. నెల మొదట్లో ఒకసారి ఫైళ్ళన్నీ వేరే చోటికి నకలు తీసుకోవడం నా అలవాటు. ఆ తరవాత పదకొండు రోజుల పని యావత్తూ పోయింది. ఏ రోజు పనికి ఆ రోజు నకలు తీయకపోవడం నా తప్పే. దానిని ఇంకొకరి మీద వేయను.

ఆ పదకొండు రోజుల్లో ఒక కుటుంబ పింఛను దరఖాస్తు ఉన్నది. వాచ్‌మన్‌గా చేసి రిటైరయి కాలం చేసిన ఒకాయన భార్యది. నేతపని వారి ఇంటి తెలుగు అవ్వ. ఫోటో, వేలిముద్ర, బ్యాంకు వివరాలు అన్నీ ఎక్కించి, పై కచేరీకి పంపడానికి సిద్ధంగా ఉంచిన ప్రతి అది. మరునాడు పంపుదామనుకున్నాను. మరునాడు ఇంకేదో పని పడింది. మా ఇంట్లో మా అమ్మ అనేది, రేపు అనేవాడి ఇంట్లో దీపం వెలగదని.

ఇప్పుడు తప్పెవరిది? కుర్రవాడిదా? అతడికి మా పాస్‌వర్డు తెలియదు, తెలియకూడదు కూడా. అతడు నిలబడింది లాగిన్ తెర ముందు. యంత్రం పేరు లోపల ఉన్నది. లోపలికి పోగలిగిన వాడికి ఆ పేరుతో అంతగా పని లేదు. పేరు కావలసిన వాడు బయట ఉన్నాడు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. రైలు స్టేషను పేరు టిక్కెట్టు గదిలో గోడకు వేలాడదీస్తే ఎవరికి లాభం? అందుకే పచ్చబోర్డు ప్లాట్‌ఫారం రెండు కొసలా నిలబెట్టారు. గుడియాత్తం వచ్చిందని రైలు దిగకముందే తెలియాలి, దిగినాక కాదు.

మా లాగిన్ తెర మీద ఏముంటుందో చెబితే మీరు నవ్వుతారు. రోజుకొక అందమైన బొమ్మ. ఎక్కడి కొండలో, ఎక్కడి సముద్రమో. ఆ బొమ్మ ఏ దేశంలో ఏ చోటిదో ఒక మూలన రాసి చూపిస్తుంది. భూమికి ఆ కొసన ఉన్న సరస్సు పేరు చెబుతుంది గాని, తన పేరు మాత్రం చెప్పదు.

మొదట ఇట్లా ఉండేది కాదట. యంత్రం పేరును ఇంగ్లీషులో హోస్ట్‌నేమ్ అంటారు. హోస్టు అంటే ఇంటికి వచ్చిన వారిని ఆదరించే గృహస్థు. వెనకటి రోజుల్లో కంప్యూటరు అంటే గదినిండా ఉండే పెద్ద యంత్రం. మనుషులు దూరంగా చిన్న టెర్మినళ్ళ దగ్గర కూర్చొని తీగ మీదుగా దాని దగ్గరికి అతిథులై పోయేవారు. ఒకే టెర్మినలు నుంచి నాలుగు గృహస్థుల ఇళ్ళకు పోవచ్చు. కాబట్టి తలుపు తట్టగానే యంత్రం మొట్టమొదట తన పేరు చెప్పి, తరవాత 'నీవెవరు' అని అడిగేది. ఇప్పటికీ లైనక్స్ యంత్రాన్ని బొమ్మలు లేని నల్లతెర మీద తెరిస్తే ముందు దాని పేరు, పక్కన లాగిన్ అనే మాట కనబడుతాయి. బొమ్మల తెరలు వచ్చాక ఆ మర్యాద చాలాచోట్ల మరుగునపడింది.

ఆ పేర్ల పట్టిక కథ కూడా బాగుంటుంది. అమెరికాలో ఆర్పానెట్ అనే మొదటి తరం నెట్‌వర్కులో యంత్రాల పేర్లన్నీ ఒకే ఒక ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక కార్యాలయం దానిని చూసుకొనేది. 1972 నుంచి 1989 దాకా ఆ కార్యాలయం పెద్ద ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె. ఎవరయినా కొత్త యంత్రం పెడితే వారికి తెలియజేసి పేరు నమోదు చేయించుకోవాలి. మిగతావారు ఆ పట్టికను నకలు తీసుకోవాలి. అచ్చం మన తాలూకా కచేరీ జాబితా వంటిది. యంత్రాలు పెరిగి పట్టిక మోయలేనంత అయినప్పుడు, 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన పేర్ల బాధ్యతను పలుచోట్లకు పంచే డీఎన్ఎస్ అనే ఏర్పాటు చేశాడు. ఈనాటి ఇంటర్నెట్టు పేర్లు నడిచేది దాని మీదనే.

పేరుకు కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, నడుమ అడ్డగీత. ఖాళీ ఉండకూడదు. ఒక పేరు 63 అక్షరాలు దాటకూడదు. విండోస్ యంత్రాల పాత పద్ధతి పేరు అయితే 15 దాటకూడదు. కొత్త విండోస్ యంత్రానికి మనము ఏ పేరూ పెట్టకపోతే తానే ఒకటి పెట్టుకుంటుంది. డెస్క్‌టాప్ అనే ఏడక్షరాలు, ఒక అడ్డగీత, ఆ పైన తలాతోకా లేని ఏడు అక్షరాలూ అంకెలూ. లెక్కపెట్టండి, సరిగా 15. అటువంటి పేరును ఫోనులో చెప్పడం కంటే బస్సెక్కి పోయి చూపించి రావడం సులభం. తెలుగు లిపిలో పెట్టకూడదా అని మా అబ్బాయి అడిగాడు. వెబ్‌సైట్లకు .భారత్ తోకతో తెలుగు పేర్లు పెట్టుకోవచ్చు. అయితే తీగ మీదికి పోయేటప్పుడు అదికూడా ఇంగ్లీషు అక్షరాల వేషం వేసుకొనే పోతుంది. కచేరీ యంత్రానికి మొదటే ఇంగ్లీషు అక్షరాలు పెట్టడం మేలు.

ఇక లాగిన్ తెర మీద పేరు చూపించే ఉపాయాలకు వస్తాను. ఇంట్లో, బడిలో, దుకాణంలో రెండు మూడు యంత్రాలున్న సభ్యులకు పనికి రావచ్చు.

విండోస్‌లో లోకల్ సెక్యూరిటీ పాలసీ అని ఒక చోటున్నది. అందులో లాగిన్‌కు ముందు చూపించవలసిన ప్రకటనకు ఒక శీర్షిక, ఒక వాచకం రాసుకోవచ్చు. కంపెనీలు సాధారణంగా 'అనుమతి లేనివారు ప్రవేశించరాదు' అని అక్కడ రాస్తాయి. అక్కడ యంత్రం పేరు రాస్తే, మీట నొక్కినవాడికి పాస్‌వర్డు అడగక ముందే పేరు కనబడుతుంది. అయితే ఇక్కడ ఒక గుంట ఉన్నది, చూసి అడుగు వేయాలి. ఆ వాచకం మనము చేత్తో రాసింది. యంత్రం పేరు మారితే అది మారదు. ఒక యంత్రాన్ని సిద్ధం చేసి దాని నకలును మిగతా అయిదింటికి ఎక్కిస్తే, ఆరూ కలిసి 'నేను 01' అని సాధిస్తాయి. అప్పుడు అది తెర లోపల అంటించిన చీటీయే గాని మరొకటి కాదు. కాబట్టి యంత్రం లేచినప్పుడల్లా తన పేరు తాను చదువుకొని ఆ ప్రకటనలో రాసుకొనే చిన్న స్క్రిప్టు పెట్టించాలి. అంటించిన పేరు వేరు, యంత్రం తానే చెప్పిన పేరు వేరు. ఈ నెల నేను చెప్పదలచింది ఇంతే.

పెద్ద కచేరీలలో డొమైను అనే ఉమ్మడి కుటుంబంలో చేరిన విండోస్ యంత్రాలకు ఇంకొక కిటుకు ఉన్నది. ఏమీ మార్చనక్కర లేదు. లాగిన్ తెరలో 'అదర్ యూజర్' అన్నది నొక్కి, యూజరు పేరు గడిలో ఒక చుక్క, దాని పక్కన వెనకకు వాలిన గీత కొడితే, 'సైన్ ఇన్ టు' అన్నచోట ఆ యంత్రం పేరు తేలుతుంది. పాస్‌వర్డు అక్కర లేదు. ఆ శనివారం సాయంత్రం ఈ రెండు గుర్తులు నాకు తెలిసి ఉంటే, బస్సులోనుంచే చెప్పి ఉండేవాడిని. తెలియదు. రెండు గుర్తుల ఖరీదు పదకొండు రోజులు.

బీజీఇన్ఫో అని ఒక ఉచిత పనిముట్టు కూడా ఉన్నది. యంత్రం పేరు, ఇతర వివరాలు డెస్క్‌టాప్ బొమ్మ మీదనే అచ్చు వేస్తుంది. చాలా కచేరీలలో వాడుతారు. మంచిదే గాని, మామూలుగా అది కనబడేది లోపలికి పోయిన తరవాత.

లైనక్స్ వారికి పని ఇంకా తేలిక. నల్లతెర లాగిన్‌కు పైన చూపించే మాటలు 'ఈటీసీ' అనే అరలో 'ఇష్యూ' అనే ఫైలులో ఉంటాయి. అందులో వెనకకు వాలిన గీత, పక్కన చిన్న 'ఎన్' అక్షరం రాస్తే, ఆ చోట యంత్రం తన అసలు పేరే నింపుకుంటుంది. పేరు మారితే అదీ మారుతుంది. బొమ్మల తెరల్లో లైట్‌డీఎం అనే రకానికి పై పట్టీలో హోస్ట్ అనే గుర్తు చేరిస్తే చాలు. గ్నోమ్ రకంలో ప్రకటన పట్టీ ఒకటి ఉన్నది, అందులో రాయించుకోవాలి. మన చెన్నపట్నంలోనే సీడాక్ వారు డెబియన్ లైనక్స్ ఆధారంగా చేసి 2007లో మొదటిసారి విడుదల చేసిన బాస్ కూడా ఈ లైనక్స్ కుటుంబంలోనిదే. ఆపిల్ వారి మ్యాక్‌లో అయితే ఒకసారి అమరిక చేసి పెడితే, లాగిన్ తెర మీది గడియారాన్ని నొక్కినప్పుడు పేరు చెబుతుంది.

ఇవేవీ చేతగాకపోతే కనీసం చీటీని మానిటరు మీద కాక పెట్టె మీద అంటించండి. పెట్టె మీద ఫ్యాక్టరీవారు అచ్చు వేసిన సీరియల్ నంబరు ఉంటుంది. పేరున్న కంపెనీల యంత్రాల్లో అదే నంబరు లోపల కూడా రాసి ఉంటుంది. పేరు, సీరియల్ నంబరు రెండూ స్టాకు రిజిస్టరులో పక్కపక్కన రాసుకుంటే, సందేహం వచ్చిన రోజు సాక్ష్యం దొరుకుతుంది. దేనినయినా తుడిచే ముందు రెండూ కలిశాయా అని చూడాలి. తుడవడానికి అరగంట చాలు. తుడిచినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి నెల పట్టవచ్చు, అసలు రాకనూ పోవచ్చు.

మా కచేరీలో ఈ ప్రస్తావన తెచ్చినప్పుడు మా సూపరింటెండెంటు అమ్మగారు ఒప్పుకోలేదు. "పేరు బయట పెడితే దొంగకు దారి చూపినట్టు కాదా?" అన్నారు. తీసిపారేయదగిన మాట కాదు. మా తెరలు కొన్ని జనం వైపుకు తిరిగి ఉంటాయి. నేను ఆలోచించి మరునాడు జవాబు చెప్పాను. "అమ్మా, పేరు తాళంచెవి కాదు. ఇంటి ముందు పేరు రాసుకున్నంత మాత్రాన తలుపు తీసిపెట్టినట్టు కాదు. అయితే పేరులో పని చెప్పకూడదు. నగదు, జీతాలు అనే మాటలు పేరులో ఉంటే దొంగకు నిజంగానే దారి చూపినట్టవుతుంది. యంత్రం నెట్‌వర్కు నంబరు కూడా తెర మీద అక్కర లేదు. ఉత్త పేరు చాలు." అప్పుడు ఇంకొక సంగతి కూడా బయటపడింది. మా తెరల మీద కడపట లాగిన్ అయిన మనిషి పేరు, ఒక్కొక్కప్పుడు ఫోటో కూడా, ఊరందరికీ కనబడుతున్నాయి. దాచవలసినదాన్ని చూపిస్తున్నాము, చూపవలసినదాన్ని దాస్తున్నాము. మనిషి పేరు తెర మీద రాకుండా చేసే ఏర్పాటు కూడా అదే పాలసీలో ఉన్నది. రెండూ ఒకేసారి చేయించమని అమ్మగారు ఉత్తరువు ఇచ్చారు.

తరవాత పేర్ల పంచాయితీ మొదలయింది. 03, 05 అంకెల మీద అందరికీ విరక్తి కలిగింది. ఒకరు దేవుళ్ళ పేర్లు పెడదామన్నారు. "రేపు ఫోను చేసి మురుగన్ చెడిపోయినాడు, వచ్చి తుడవండి అని చెబుతారా?" అని ఇంకొకరు అడిగేసరికి ఆ మాట ఆగిపోయింది. మనుషుల పేర్లు వద్దు, చేసే పని పేరు వద్దు, రెండూ మారిపోయేవే. ఇది నా సొంత తెలివి కాదు. 1990లో డాన్ లిబెస్ అనే అమెరికా ఆయన యంత్రాలకు పేరు ఎట్లా పెట్టాలో ఒక చిన్న హితబోధ రాశాడు. ఇంటర్నెట్టు వారి పత్రాల్లో దాని సంఖ్య 1178. ఆయన కూడా ఇట్లాగే చెప్పాడు. ఒక కుదురుకు చెందిన పేర్లు ఎంచుకోవడం మంచిదన్నాడు.

నదుల పేర్లు అనుకున్నాము. నేను అభిమానం కొద్దీ మా ఊరి కౌండిన్యను ముందు పెట్టాను. మోర్దాన ఆనకట్ట నిండితే మాకు పండుగ గదా. కాని దానిని ఇంగ్లీషులో ముగ్గురు మూడు రకాలుగా రాశారు, కొట్టేశాము. పొన్నై, పెన్న రెండూ ఫోనులో ఒకటిగానే వినబడుతున్నాయి. పొన్నై పోయింది. కడకు పాలారు, భవాని, కావేరి, వైగై, పెన్న, కృష్ణ నిలిచాయి. అరవదేశపు వాటా నాలుగు, ఆంధ్ర వాటా రెండు. జనాభా లెక్కన న్యాయమే. పైగా పాలారుకు ఈ వాటాలు పట్టవు. కర్ణాటకలో పుట్టి, కుప్పం మీదుగా ఆంధ్రను తాకి, మన దగ్గరికి వస్తుంది. పేరు కుదరడం ఒక ఎత్తు, ఇంకొక దానితో కలవకపోవడం ఒక ఎత్తు. మన వేలూరును కూడా ఉప్పువేలూరుతో కలవకుండా రాయవేలూరు అని పెద్దలు వేరుచేసి పిలిచిన సంగతి తెలిసిందే.

ఇప్పుడు నా యంత్రం పేరు పాలారు. మీట నొక్కితే ముందు తన పేరు చెప్పి, తరవాత నా పేరు అడుగుతుంది. "పాలారు ఎండిపోయింది, వచ్చి చూడు తంబీ" అని ఫోను చేస్తే కుర్రవాడు నవ్వుతాడు గాని, తప్పు యంత్రం దగ్గరికి పోడు. ఆ అబ్బాయి మీద ఎవరమూ ఫిర్యాదు రాయలేదు. చీటీ చూడమన్నది నేను.

ఇక అవ్వ సంగతి. ఫోటో, వేలిముద్ర మళ్ళీ కావాలని కబురు చేశాను. ఆమె వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. ఎవరి దగ్గర కాగితాలిచ్చావని మావాళ్ళు అడిగితే, "కళ్ళద్దాల అబ్బయ్య" అన్నదట. మా విభాగంలో కళ్ళద్దాల వారు ముగ్గురం. ఇంకొక కళ్ళద్దాలాయన దగ్గర కూర్చోబెట్టారు. ఆయనకు సంగతి తెలియదు, రెండు గంటలు వెతికి పంపేశాడు. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు బస్సులో వచ్చిన మనిషి, వచ్చిన దారినే పోయింది. మరుసటి వారం మళ్ళీ వచ్చింది. ఈసారి నేనున్నాను. వేలిముద్ర తీసుకుంటూ, "క్షమించవ్వా, నావల్లనే ఇంత తిప్పట" అన్నాను.

"తిరిగేదానికేమి అబ్బయ్యా, బస్సు కదా తిరిగేది" అన్నది. కొంచెం ఆగి, "నీ పేరేమి నాయనా? ఆ పొద్దు అడిగితే చెప్పేదానికి తెలీక పాయె" అన్నది.

నాకు మాట రాలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. యంత్రం గడప దగ్గర పేరు చెప్పలేదని నెలరోజులు ఊరందరితో వాదించాను. నా బల్ల మీద నా పేరు లేదు. మా సీటుకు ఒక అక్షరం, ఒక అంకె ఉన్నాయి. అవి మాకు తెలుసు, బయట నిలబడిన వారికి తెలియవు.

ఆమె దరఖాస్తు అదే రోజు సాయంత్రం పంపాను. మంజూరు ఇంకా రాలేదు. రాగానే ఇంటికి పోయి చెప్పి వస్తాను, ఈసారి ఆమెను తిప్పను. వేలూరు బజారులో ఒక చిన్న పేరుపలక రాయించుకున్నాను. పైన అరవంలో, కింద ఇంగ్లీషులో. ఇక్కడ అంతే చెల్లుతుంది. వెనకవైపు ఖాళీగా ఉంటే తెలుగులో కూడా రాయమన్నాను. రాసేవాడికి తెలుగు రాదు. నేను కాగితం మీద రాసిస్తే చూసి గీశాడు. ఒక దీర్ఘం తప్పు పోయింది. అయినా తెలుగువారు వచ్చినప్పుడు పలక తిప్పి పెడుతున్నాను.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము. మీ యంత్రాలనూ ఒకసారి పేరడిగి చూడండి.